మెక్సికో సిటీలో నాలుగు రోజులు: అమ్మ, నేను, వేడి వేడి రొట్టెలు

డాలస్‌లో ఉంటూ టాకో తినని తెలుగువాళ్లు తక్కువ. పదేళ్లుగా నేనూ తింటూనే ఉన్నాను. లోపల చికెన్ ఎలా ఉంది, సాల్సా ఘాటుగా ఉందా అని చూసేవాడినే తప్ప బయట చుట్టిన రొట్టెని ఏనాడూ పట్టించుకోలేదు. చేతికి నూనె అంటకుండా చుట్టే పొట్లం కాగితంతో సమానం అనుకునేవాడిని. మొన్న ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని మెక్సికో సిటీ వెళ్లాక ఆ లెక్క తిరగబడింది.

ముందు పనికొచ్చే సంగతులు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అమ్మకి విజిటర్ వీసాతోనే పని జరిగిపోయింది. ఊరు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ రోజు ప్లాన్లేం పెట్టుకోకండి. మెట్రో ఛార్జీ 5 పెసోలే, కానీ స్టేషన్లలో మెట్లు చాలా ఎక్కువ. మేము ఒకసారి ఎక్కి, మిగతాదంతా ఊబర్‌లోనే తిరిగాం.

రోమా నోర్తె అనే పేటలో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. వీధులు చెట్లతో చల్లగా ఉన్నాయి, ఎటైనా నడిచి వెళ్లొచ్చు. లిఫ్ట్ లేదు, గోడలు పల్చన. పాత మంచాలు, పరుపులు, ఫ్రిజ్‌లు కొంటామంటూ రికార్డు చేసిన గొంతుతో ఒక బండి రోజూ పొద్దున్నే వచ్చేది. "ఈడ కూడ పాత సామాన్లోల్లు వస్తరా?" అని అమ్మ కిటికీలోంచి చూసి నవ్వింది. నిద్ర తేలిగ్గా చెడే మనుషులైతే వీధి వైపు గది తీసుకోవద్దు.

మొదటి రాత్రి అలసిపోయి, దగ్గర్లో ఇంగ్లిష్ మెనూ, రంగు రంగుల దీపాలు ఉన్నచోట కూర్చున్నాం. పొరపాటు. ప్యాకెట్ రొట్టెలు కాస్త వెచ్చబెట్టి ఇచ్చారు. మడిస్తే పగిలాయి, రసం మోచేతి దాకా కారింది. అమ్మ శాకాహారి, ఆమెకి బీన్స్ తెప్పించాను. నాలుగు ముద్దలు తిన్నాక తెలిసింది, అందులో పంది కొవ్వు ఉందని. అడగకపోవడం నా తప్పే. మీరు మాత్రం బీన్స్ ఎక్కడ తెప్పించుకున్నా 'మంతేకా', అంటే పంది కొవ్వు, వేశారా అని అడగండి. అడిగితే దాచరు.

రెండో రోజు మధ్యాహ్నం నార్వార్తె వైపు వెళ్లాం. పర్యాటకులు తక్కువగా వచ్చే పేట. నాలుగు ప్లాస్టిక్ బల్లలున్న చిన్న హోటల్, వాకిట్లోనే పెద్ద పెనం. దాన్ని కోమాల్ అంటారు. ఒకావిడ తడి పిండిని నిమ్మకాయంత ముద్ద తీసి, ప్రెస్‌లో నొక్కి, పెనం మీద వేస్తోంది. కాసేపటికి తిప్పింది, మళ్లీ తిప్పింది. రెండోసారి తిప్పాక రొట్టె బుడగలా పొంగింది. తీసి గుడ్డ పరిచిన బుట్టలో వేసి మూసింది.

అమ్మది పాలమూరు. జొన్నరొట్టెలు తట్టి తట్టి చేతులు అరిగిన మనిషి. కుర్చీలో కూర్చోకుండా పెనం పక్కనే నిలబడిపోయింది. "పిండి గింత మెత్తగ ఎట్లొచ్చిందో అడుగురా" అంది. నాకొచ్చిన అరకొర స్పానిష్‌తో, ఫోన్ అనువాదంతో అడిగాను. ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కడిగి రుబ్బుతారట. అలా ఉడికిన గింజల పేరు నిష్తమాల్.

"సున్నమా? పాన్‌ల ఏస్కునేదేనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అదే. సున్నం వల్ల గింజ పొట్టు ఊడుతుంది, గోధుమలోలా జిగురు లేకపోయినా పిండి కలిసి నిలుస్తుంది. మొక్కజొన్నలో ఉండే నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి పట్టేదీ దానివల్లే. ఐరోపావాళ్లు గింజల్ని పట్టుకెళ్లి ఈ పద్ధతిని వదిలేశారు. మొక్కజొన్న మీదే బతికిన అక్కడి పేదలు తరాల పాటు ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బుతో అల్లాడారు.

ఇక రుచి. అమ్మకి పుట్టగొడుగులు, నాకు చికెన్. కూర నిజానికి మామూలుదే, ఉప్పు ఒక పిసరు తక్కువ కూడా. కానీ రొట్టెకి సొంత వాసన ఉంది, కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసనా, తొలి వాన తడిపిన మట్టి వాసనా కలిసినట్టు. మడిస్తే చిరగలేదు. రసాన్ని పీల్చుకుని కూడా విడిపోలేదు. ఆ రొట్టెలో పచ్చి సాల్సా, ఉప్పు మాత్రమే వేసుకున్నా టాకో అయిపోతుంది. అమ్మ గుమ్మడి పూల కెసదియా, అంటే లోపల కూర పెట్టి మడిచి కాల్చిన రొట్టె, కూడా తెప్పించుకుంది. ఈ ఊళ్లో కెసదియా అంటే చీజ్ దానంతటదే రాదు, 'కోన్ కేసో' అని విడిగా చెప్పాలి. మిగతా మెక్సికో వాళ్లు దీని మీద వీళ్లని ఆటపట్టిస్తారు.

మూడో రోజు సాన్ రఫాయెల్ పేటలో ఎల్ కాలిఫా దె లియోన్ చూశాం. 1968 నుంచి ఉన్న టాకో కొట్టు, 2024లో మిషెలిన్ స్టార్ (పేరున్న రెస్టారెంట్ గైడ్ ఇచ్చే గుర్తింపు) వచ్చింది. కుర్చీలు లేవు, నిలబడే తినాలి. పేరు మోసింది గొడ్డుమాంసం టాకో. నేను అది తినను కాబట్టి పంది చాప్ తీసుకున్నాను. మాంసం, ఉప్పు, నిమ్మరసం, అప్పుడే వత్తి కాల్చిన రొట్టె. అంతే. బాగుంది, కాదనను. కానీ అమ్మకి తినడానికి ఏమీ లేదు, ఎండలో లైను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో నేనైతే మళ్లీ వెళ్లను, నార్వార్తెకే వెళ్తాను.

ఎక్కడికెళ్లినా 'ఎచా ఆ మానో' అని బోర్డు ఉందేమో చూడండి, చేత్తో చేసిన రొట్టె అని అర్థం. పెనం వాకిట్లో కనపడితే ఇంకా నయం. సాయంత్రాలు బళ్ల దగ్గర దొరికే పాస్తోర్ టాకోల్లో (నిలువు ఊచకి గుచ్చి కాల్చిన పంది మాంసంతో చేసేవి) మటుకు రొట్టె సాధారణంగా బయటి నుంచి తెచ్చిందే ఉంటుంది.

చివరి రోజు ఫ్లైట్‌కి ముందు వీధి చివరి తోర్తియేరియాలో, అంటే రొట్టెల దుకాణంలో, కిలో రొట్టెలు కొన్నాం. మిషన్ మీంచి దిగిన రొట్టెల్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. అమ్మ ముఖం చూసి ఇంకొకటి తీసి, మధ్యలో ఉప్పు చల్లి, గొట్టంలా చుట్టి చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. డాలస్ చేరేసరికి ఆ కిలోలో ఎనిమిది రొట్టెలే మిగిలాయి.