థీమ్ పార్కా, అరకు రైలా, అమ్మమ్మగారి ఊరా: పిల్లల సెలవులకు ఏది మేలు?

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా ఇంట్లో ఏటా ఇదే చర్చ. పిల్లలకు వండర్‌లా కావాలి, లేదంటే ఫిల్మ్ సిటీ. మా ఆయన అరకు అంటారు. తెనాలి దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకు మనవలు నాలుగు రోజులు కళ్ల ముందు తిరిగితే చాలు. గత నాలుగైదేళ్లలో ఇవన్నీ చేసి చూశాం. ఏ వయసు పిల్లలకు, ఎన్ని రోజుల సెలవుకు ఏది సరిపోతుందో నాకు ఒక అభిప్రాయం కుదిరింది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

థీమ్ పార్కు అనగానే అందరూ ముందు డబ్బు లెక్క వేస్తారు. నేనైతే ముందు పిల్లల ఎత్తు చూడమంటాను.

మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు ఒక పార్కుకు వెళ్లాం. అంతకు ముందు వారం రోజులూ వాడు యూట్యూబ్‌లో ఆ రోలర్ కోస్టర్ వీడియోలే చూశాడు. ముప్పావుగంట లైన్లో నిలబడ్డాక, మెట్ల దగ్గర ఎత్తు కొలిచే బోర్డు వచ్చింది. వాడు దాని పక్కన నిలబడి మడమలు పైకెత్తాడు. అక్కడ డ్యూటీలో ఉన్న అబ్బాయి వాడి భుజం మీద చెయ్యి వేసి, మడమలు నేలకు ఆనేదాకా మెల్లగా నొక్కాడు. గీత వాడి తల మీద ఇంకా జానెడు పైన ఉంది. వాళ్లక్క నాన్నతో లోపలికి వెళ్లిపోయింది. వాడు ఏడవలేదు. నా చున్నీ కొస పట్టుకుని, "అమ్మా, మళ్లీ ఆదివారానికి పెరుగుతానా?" అని అడిగాడు.

ఆ అబ్బాయి చేసింది సరైన పనే. భుజాల మీదికి దిగే ఆ బార్ పెద్ద ఒంటి కొలతకు చేసింది, చిన్నపిల్లల్ని అది గట్టిగా పట్టి ఉంచలేదు. ఏ రైడ్‌కు ఎంత ఎత్తు ఉండాలో ముందే చూసుకుని పిల్లవాడికి చెప్పాల్సింది నేను. ఆ రోజంతా వాడు పసిపిల్లల రైడ్లు రెండు మూడు ఎక్కాడు, నీళ్లలో ఆడాడు, సంతోషంగానే ఇంటికొచ్చాడు. కానీ వాడు కలగన్నది మాత్రం అక్క ఒక్కతే చూసొచ్చింది.

రావిర్యాలలో 2016లో తెరిచిన హైదరాబాద్ వండర్‌లాలో టికెట్ కూడా వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టే ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. ముందుకు దూసుకెళ్లి, గింగిరాలు తిరిగి, మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చే రికాయిల్ లాంటి రైడ్ల కోసం వెళ్తున్నారా? పిల్లలు 140 దాటేదాకా ఆగండి. మామూలుగా అది పది, పదకొండేళ్లకు వస్తుంది. అప్పుడు వెళ్తే పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంటుంది. మా పెద్దమ్మాయి రైడ్ దిగి వణుకుతున్న చేతులతో జుట్టు సర్దుకుంటూ, "ఇంకోసారి, నాన్నా" అన్నప్పటి దాని ముఖం నేనింకా మర్చిపోలేదు. భయపడుతూనే తనంతట తాను సరే అనుకుని ఎక్కింది. ఆ ధైర్యం దానికి ఊళ్లోనో, రైల్లోనో దొరికేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. లైన్లలో నిలబడటం దండగ అనుకునేదాన్ని. అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టేశాం కాబట్టి, ఆ గంటలో మా అమ్మాయి స్కూల్లో తన స్నేహితురాలితో వచ్చిన మనస్పర్థ గురించి మొత్తం చెప్పింది. ఇంట్లో నెల రోజులుగా అడిగినా చెప్పనిది.

ఫిల్మ్ సిటీ వేరే లెక్క. విజయవాడ హైవే మీద 1996లో మొదలైన ఈ స్టూడియో, ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డుకెక్కింది. బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పుతారు, మధ్యలో షోలు ఉంటాయి. కొన్ని రైడ్లున్నా అసలు చూడాల్సింది సెట్లే కాబట్టి ఆరేళ్లవాడికీ అరవై ఐదేళ్ల అమ్మకూ రోజంతా గడిచిపోయింది. మా వాడికి నచ్చింది కోట ముందు భాగం కాదు. గోడ వెనక్కి తొంగిచూస్తే కనిపించిన కర్రలు, ఇనుప ఊచలు. "ఇది సగమే ఇల్లు!" అని రెండు రోజులు అందరికీ చెప్పాడు. పెద్దవాళ్లతో కలిసి ఒక్క రోజే వెళ్లగలిగితే రెండింటిలో నేను దీన్నే ఎంచుకుంటాను. కానీ మే నెల ఎండలో మాత్రం వద్దు. డిసెంబరులోనో సంక్రాంతి సెలవుల్లోనో వెళ్లాలి.

ఇక అరకు. విశాఖలో పొద్దున్నే కిరండోల్ ప్యాసింజర్ ఎక్కాం. దాని కోసం పిల్లల్ని చీకటితో లేపాల్సి వచ్చింది, అప్పుడు ఇద్దరూ ముఖాలు మాడ్చుకున్నారు. మొదటి సొరంగం రాగానే బోగీలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేక పెట్టారు, మావాళ్ల నిద్ర ఎగిరిపోయింది. ఈ దారిలో 58 సొరంగాలున్నాయని మా ఆయన చెప్పడంతో అక్క నోట్‌బుక్ తీసి గీతలు పెట్టడం మొదలెట్టింది, తమ్ముడు వేళ్ల మీద లెక్క. అరకులో దిగేసరికి అక్క లెక్క 55, తమ్ముడి లెక్క 61. ఎవరు తప్పారో ఇంకా తేలలేదు. ఈ లైను సరదా కోసం వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో కొండలు తొలిచి వేసింది. ఎదురుగా వచ్చిన గూడ్సు బండి నిండా ఉన్న ఎర్రటి మట్టిని చూపించి అది చెబితే, "ఆ మట్టితోనే జపాన్‌లో కార్లు చేస్తారా?" అని అడిగాడు మా వాడు. ఆ ప్రశ్న ఏ రైడ్ దగ్గరా రాలేదు.

బొర్రా గుహల్లో పైనుంచి ఒక్కొక్క చుక్క పడుతుంటే వాడు అరచేయి పట్టి నిలబడ్డాడు. ఒక్కో చుక్కా కాస్త సున్నపురాయిని కరిగించి తెస్తుందని, అది పేరుకుని ఈ ఊడల్లాంటివి తయారు కావడానికి వేల ఏళ్లు పడుతుందని గైడ్ చెప్పాడు. వాడు చెయ్యి తీయకుండా పది చుక్కలు పట్టాడు. అక్కడ ఎవరూ తొందరపెట్టలేదు, వెనక లైను లేదు.

ఖర్చు సంగతి: హైదరాబాద్ నుంచి విశాఖకు రానూ పోనూ స్లీపర్ టికెట్లు, అరకు రైలు కలిపినా మా నలుగురికీ పార్కు టికెట్ల కన్నా తక్కువే అయింది. గది అద్దె, జీపు కలిపాక రెండూ దగ్గరికొచ్చాయి. తేడా ఏమిటంటే పార్కు డబ్బు ఒక్క రోజులో అయిపోయింది, అరకు డబ్బు మూడు రోజులు వచ్చింది. చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు, శని ఆదివారాల్లో టికెట్ ధర కూడా పెరుగుతుంది. మామూలు రోజున సెలవు పెట్టి వెళ్లగలిగితే డబ్బూ మిగులుతుంది, లైన్లూ తగ్గుతాయి.

ఊరికి ఖర్చు దాదాపు లేదు, కానీ రోజులు కావాలి. మొదటి రోజు పిల్లలకు తోచదు. రెండో రోజూ తోచదు. అందుకే రెండు రోజుల కోసం వెళ్లి ఊరు బోరు అనుకోవడం అన్యాయం. మూడో రోజు మా తమ్ముడు ముంజలు కొట్టించి తెచ్చాడు. బొటనవేలు గుచ్చగానే నీళ్లు ముఖాన చిమ్మితే మా వాడు నవ్విన నవ్వుకు మా అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఆ తర్వాత వాడు తిరుగు ప్రయాణం మాట ఎత్తలేదు.

విదేశాల సంగతి ఎక్కువ రాయను. అమెరికాలో ఉన్న మా చెల్లెలు పాపకు మూడేళ్లు నిండక ముందే డిస్నీ వరల్డ్ చూపించాలని తొందరపడింది, ఎందుకంటే మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు. ఆ వయసు జ్ఞాపకాలు పెద్దయ్యాక మిగలవు. తనకు ఫొటోలు మిగిలాయి, పాపకు ఏమీ గుర్తు లేదు. పదేళ్లు నిండితే అక్కడ పెద్దల టికెట్ పడుతుంది కాబట్టి ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వెళ్లమని ఇప్పుడు తనే అందరికీ చెబుతోంది. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ ప్యాకేజీ గురించి ఎవరైనా అడిగితే నేనూ ఆ వయసే చెబుతాను, అప్పు చేసి మాత్రం వెళ్లొద్దంటాను.

నన్నడిగితే, ఆరేళ్ల లోపు పిల్లలకు పెద్ద పార్కు వద్దు. హైదరాబాద్‌లో ఉంటే జూపార్కు, లేదంటే ఊరు. ఆరు నుంచి పదేళ్ల మధ్య అరకు లాంటి రైలు ప్రయాణానికి సాటి లేదు, పెద్దవాళ్లు కూడా వస్తే ఫిల్మ్ సిటీ. పదకొండు దాటాక పార్కుకు తప్పకుండా తీసుకెళ్లండి, వీలైతే కజిన్స్‌తో కలిపి. అది ఒక రోజు పండగ, వారం సెలవంతా దానికే పెట్టకండి.

మా బెడ్‌రూమ్ తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలున్నాయి. మొన్న కొలిస్తే మా వాడు 138. ఈ మేలో ముంజలకు ఊరెళ్తున్నాం. దసరాకు మళ్లీ కొలుస్తామని మాటిచ్చాను, గీత దాటితే అక్క పక్క సీటు వాడిదే.