మట్టాంచేరి జ్యూ టౌన్‌కి సగం రోజు పెట్టండి

కొచ్చి టూర్ ప్యాకేజీల్లో జ్యూ టౌన్‌కి, అంటే పాత యూదుల పేటకి, ఇచ్చేది మహా అయితే గంట. సినగాగ్‌లోకి (యూదుల ప్రార్థనా మందిరం) తొంగిచూసి, యాలకుల ప్యాకెట్ కొనుక్కుని బస్సెక్కేయాలి. నన్నడిగితే సగం రోజు పెట్టండి. అదీ ఆదివారం నుంచి గురువారం లోపు. శుక్రవారం పక్కనున్న డచ్ ప్యాలెస్‌కి సెలవు, సినగాగ్ కూడా మధ్యాహ్నం మూసేస్తారు. శనివారం సబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం కాబట్టి అసలే తెరవరు. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం విరామం ఉంటుంది, పొద్దున పదింటికే వెళ్లడం మేలు. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు వేసుకుంటే లోపలికి రానివ్వరు.

ఎర్నాకుళం నుంచి ఆటో వద్దు. బోట్ జెట్టీలో సర్కారు బోటెక్కితే నామమాత్రపు టికెట్‌తో ఫోర్ట్ కొచ్చిలో దింపుతారు. అక్కడి నుంచి బజార్ రోడ్డు మీదుగా నడిచాం. మిరియాలు, శొంఠి గోదాముల ఘాటు దారంతా వస్తూనే ఉంటుంది. "ఊరంతా చూపిస్తా, తక్కువకే" అనే ఆటోవాళ్లు మాత్రం కమీషన్ షాపులకే తిప్పుతారు. మమ్మల్నీ తిప్పారు.

ఇక చరిత్ర. చేర రాజు భాస్కర రవివర్మ సుమారు క్రీ.శ. 1000లో జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి రాగి శాసనం రాయించి ఇచ్చాడు. పన్ను మినహాయింపు, పల్లకీ, గొడుగు లాంటి 72 హక్కులు అందులో ఉన్నాయి. తర్వాత 16వ శతాబ్దంలో యూదులుండే కొడుంగల్లూరు ప్రాంతంలో దాడులు, పోర్చుగీసు వేధింపులు పెరిగితే వాళ్లలో చాలామంది కొచ్చి రాజు నీడకి చేరారు. ఆయన తన ప్యాలెస్ పక్కనే చోటిచ్చాడు. అందుకే ఇప్పటికీ రాజుల భగవతి గుడి, సినగాగ్ ఒకే గోడకి అటొకటి ఇటొకటి ఉన్నాయి. ఆ గోడ చూడటానికే వెళ్లొచ్చు.

పరదేశి సినగాగ్ 1568 నాటిది. 1662లో పోర్చుగీసువాళ్లు దెబ్బతీస్తే, ఆ వెంటనే వచ్చిన డచ్చివాళ్ల కాలంలో బాగుచేశారు. నేల మీద 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన నీలం బొమ్మల పలకలు, పైన బెల్జియం షాండ్లియర్లు. గడియార స్తంభానికి ఒక్కో వైపు ఒక్కో లిపిలో అంకెలు.

గైడ్లు చప్పున దాటేసే సంగతి ఇంకొకటి ఉంది. ఇది "తెల్ల" యూదుల, అంటే తర్వాత బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల సినగాగ్. మలబారీ యూదులు అంతకుముందు నుంచే ఉన్నా వాళ్లకి ఇక్కడ సమాన హోదా లేదు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల సంతతిని బెంచీల మీద కూర్చోనిచ్చేవారు కాదు. అదే సంతతికి చెందిన వకీలు ఎ.బి. సేలం సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి దారి తెరిపించాడు. ఆయన్ని "యూదు గాంధీ" అనేవారు. కులం మన దగ్గర ఎవరినీ వదల్లేదన్నమాట!

వీధి దక్షిణపు కొసకి వెళ్తే మలబారీల కడవుంభాగం సినగాగ్. లోపలి చెక్కపని ఎప్పుడో జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంకి తరలిపోయింది, భవనంలో కొంత 2019 వానలకి కూలింది. అక్కడిదాకా వచ్చేవాళ్లు తక్కువ.

ఇజ్రాయెల్ ఏర్పడ్డాక, 1950లలో ఇక్కడి యూదులు చాలామంది వెళ్లిపోయారు. ఎంబ్రాయిడరీ కొట్టు నడిపిన సారా కోహెన్ 96వ ఏట, 2019లో కన్నుమూశారు. ఇప్పుడు కొట్లలో ఎక్కువమంది కశ్మీరీ వ్యాపారులే. పాత సామాన్లలో కొత్తగా చేసి పాతవిగా కనిపించేలా మార్చినవి చాలా ఉంటాయి, ధర సగం నుంచి మొదలుపెట్టండి. (యూదులంటే మనకి దూరం సంగతి అనుకోకండి, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజమే ఉంది.)

బసకి ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలు నాకు నచ్చాయి. ఇంటివాళ్లు పొద్దున పుట్టు (ఆవిరి మీద వండిన బియ్యప్పిండి), కడల (శనగల) కూర పెడతారు, బోటు వేళలు చెబుతారు. ఏసీ గది అడిగి, ముందే చూసుకుని డబ్బు కట్టండి, ఉక్కపోత మామూలుగా ఉండదు. ఎర్నాకుళం హోటళ్లలో సౌకర్యం ఎక్కువ, కానీ సాయంత్రాలు ట్రాఫిక్‌లోనే పోతాయి. భోజనానికి మట్టాంచేరిలో కాయీస్ అనే హోటల్ బిర్యానీ. చిన్న గింజ కైమా బియ్యం, మన కారం ఆశించకండి.

ఇంకో పూట మిగిలితే ఎర్నాకుళం నుంచి బస్సులో ఉత్తర పరవూరు వెళ్లండి. అక్కడి సినగాగ్ ఇప్పుడు కేరళ యూదుల మ్యూజియం. రద్దీ లేదు, వివరాలు మట్టాంచేరి కంటే బాగా రాసి పెట్టారు. దగ్గర్లోనే చేందమంగళం సినగాగ్ ముందు 1269 నాటి సమాధి రాయి ఉంది, సారా అనే యూదు స్త్రీది. ఈ రెండింటికీ సోమవారం సెలవు.