మాట పూర్తి కానిచ్చే వార్తలు: పీబీఎస్ న్యూస్ అవర్

2005లో చదువు కోసం అమెరికా వచ్చినప్పుడు నలుగురం కలిసి అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో కేబుల్ కనెక్షన్ పెట్టించుకునే స్తోమత మాకు లేదు. సీనియర్లు వదిలిపెట్టి వెళ్లిన పాత టీవీకి, కిటికీలో నిలబెట్టిన చిన్న యాంటెనా ద్వారా అందే నాలుగైదు చానెళ్లలో, వీక్షకుల విరాళాలతోనూ ప్రభుత్వ నిధులతోనూ నడిచే పబ్లిక్ టెలివిజన్ పీబీఎస్ ఒకటి. అందులో సాయంత్రం వచ్చే గంట వార్తలను, అప్పట్లో ఆ కార్యక్రమం పేరు 'ద న్యూస్ అవర్ విత్ జిమ్ లెరర్', ఇక్కడి ఇంగ్లీషు చెవికి అలవాటు కావాలన్న ఒకే ఉద్దేశంతో చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు కార్యక్రమం చివర, ఇరాక్ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీదకు వచ్చాయి. పేరు, హోదా, వయసు, సొంత ఊరు కనిపించాయి తప్ప సంగీతం గానీ వ్యాఖ్యానం గానీ ఏమీ వినిపించలేదు. టీవీ చెడిపోయిందేమోనని నేను లేచి వెళ్లి వాల్యూమ్ పెంచాను.

ఆ నిశ్శబ్దం కావాలని పాటించినదేనని, మరణాలు అధికారికంగా నిర్ధారణ అయి ఫొటోలు అందినకొద్దీ న్యూస్ అవర్ వాటిని అలాగే చూపిస్తూ వస్తోందని తర్వాత తెలిసింది. చావు వార్త అనగానే వెనుక విషాద సంగీతం మోగాలి, ఏడుస్తున్న తల్లి ముఖం మీద కెమెరా నిలవాలి అన్న పద్ధతికే అలవాటుపడి వచ్చిన నాకు, వార్తను ఇలా కూడా చెప్పవచ్చని తెలియడం చిన్న విషయం కాదు. ఉద్యోగాలు, ఊళ్లు, ఇళ్లు మారినా ఈ ఒక్క కార్యక్రమాన్ని అప్పటినుంచి వదలకుండా చూస్తున్నాను కాబట్టి, దీని గుణదోషాలను కొంత వివరంగానే రాయగలనని అనుకుంటున్నాను.

న్యూస్ అవర్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రసారమవుతుంది. వాషింగ్టన్ పక్కనే ఉన్న వర్జీనియాలోని ఆర్లింగ్టన్ నుంచి డబ్ల్యూఈటీఏ అనే పబ్లిక్ స్టేషన్ దీనిని తయారు చేస్తుంది. 2023 జనవరిలో జూడీ వుడ్‌రఫ్ స్థానంలో ఆమ్నా నవాజ్, జెఫ్ బెనెట్ యాంకర్లుగా వచ్చారు. ప్రాయోజకుల పేర్లు మొదట్లోనూ చివర్లోనూ చెప్పి ఊరుకుంటారు తప్ప నడుమ వ్యాపార ప్రకటనలు రావు కనుక, గంటలో యాభై నిమిషాలకు పైగా వార్తలే ఉంటాయి. పెద్ద వాణిజ్య నెట్‌వర్కుల అరగంట బులెటిన్లలో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు ఇరవై రెండు నిమిషాలని గుర్తుంచుకుంటే, ఒక్కొక్క అంశానికి ఇక్కడ దొరికే వెసులుబాటు ఏపాటిదో అర్థమవుతుంది.

ఈ వెసులుబాటుకు మూలం 1973లో ఉంది. అధ్యక్షుడు నిక్సన్‌ను చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణంపై సెనేట్ కమిటీ విచారణ జరుగుతున్నప్పుడు పీబీఎస్ దానిని పగలంతా ప్రత్యక్షంగా చూపించడమే కాకుండా, ఉద్యోగాల నుంచి ఇళ్లకు చేరినవాళ్ల కోసం రాత్రి మళ్లీ మొదటినుంచి చివరిదాకా ప్రసారం చేసింది. ఆ ప్రసారాలను నడిపించినవారు రాబర్ట్ మక్‌నీల్, జిమ్ లెరర్. సాక్ష్యాలు గంటల తరబడి సాగే విచారణను సామాన్యులు ఎవరు కూర్చుని చూస్తారని సందేహించిన వాళ్లకు సమాధానంగా వీక్షకుల నుంచి వేలాది ఉత్తరాలు వచ్చాయి. 1975లో మక్‌నీల్ పేరుతో అరగంట కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాదికి అందులో లెరర్ పేరు కూడా చేరింది. రోజుకు ఒకే ఒక అంశాన్ని తీసుకుని అరగంటసేపు దానినే చర్చించడం దాని ప్రత్యేకత. 1983 సెప్టెంబరులో అది గంట కార్యక్రమంగా మారింది. 1995లో మక్‌నీల్ విరమించుకున్నారు, 2009లో కార్యక్రమానికి పీబీఎస్ న్యూస్ అవర్ అన్న పేరు వచ్చింది. 2013లో గ్వెన్ ఐఫిల్, జూడీ వుడ్‌రఫ్ కలిసి యాంకర్లయినప్పుడు, అమెరికా జాతీయ సాయంత్ర వార్తలను ఇద్దరు మహిళలు జంటగా నిర్వహించడం అదే మొదటిసారి. 2016 నవంబరులో ఐఫిల్ మరణించిన వార్తను వుడ్‌రఫ్ చదివిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చరిత్ర అలా ఉంచి, రోజూ చూసేవాడికి కనిపించే తేడా ఏమిటో చెప్పాలంటే సుప్రీంకోర్టు వార్తలను ఉదాహరణగా తీసుకుంటాను. అమెరికా సుప్రీంకోర్టులోకి టీవీ కెమెరాలను అనుమతించరు. వాదనలను ప్రత్యక్షంగా వినే అవకాశం కూడా కోవిడ్ కారణంగా 2020లో గానీ రాలేదు. చూపించడానికి బొమ్మే లేని ఈ వార్తను కేబుల్ చానెళ్లు కోర్టు మెట్ల మీద నినాదాల దృశ్యాలతోనూ, తీర్పు ఎవరికి దెబ్బ, ఎవరికి లాభం అన్న వాదులాటతోనూ నింపేస్తాయి. న్యూస్ అవర్‌లో చాలా ఏళ్లపాటు మార్షా కోయిల్ అనే సీనియర్ పాత్రికేయురాలు ఆ ఉదయం కోర్టులో కూర్చుని వచ్చి, కేసు ఎక్కడ మొదలైంది, చట్టంలో ఏ మాట దగ్గర పేచీ వచ్చింది, ఏ న్యాయమూర్తి ఏ ప్రశ్న అడిగారు, దానికి న్యాయవాది ఎలా తడబడ్డారు అన్నది కథ చెప్పినట్టుగా చెప్పేవారు. న్యాయశాస్త్రంతో ఏ సంబంధమూ లేని నేను, ఈ దేశపు రాజ్యాంగం గురించి తెలుసుకున్న దాంట్లో సగానికి పైగా ఆమె ద్వారానే తెలుసుకున్నాను.

ఇంటర్వ్యూలు చేసే తీరు ఇంకొక విశేషం. ప్రశ్న చిన్నదిగా ఉంటుంది, అడిగినవారు సమాధానం కోసం ఆగుతారు. అతిథి దాటవేస్తే గొంతు పెంచకుండా, వెక్కిరించకుండా, అదే ప్రశ్నను మరికొంత సూటిగా మళ్లీ అడుగుతారు. రెండోసారి కూడా దాటవేస్తే ఆ సంగతి చూసేవాళ్లకు తెలిసిపోయింది కనుక తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. చూస్తున్నవాడు తనంత తెలివైనవాడేనని భావించి పనిచేయాలన్నది, తాను వినోద వ్యాపారంలో లేనన్నది లెరర్ పాటించిన నియమాల్లో రెండు. ఆయన పన్నెండు అధ్యక్ష ఎన్నికల చర్చలకు మధ్యస్థుడిగా వ్యవహరించారు. అరిచే యాంకర్‌కు అన్నిసార్లు పిలుపు వచ్చి ఉండేదని నేననుకోను.

కేబుల్ చానెళ్లు ఇలా ఎందుకు ఉండవన్న ప్రశ్నకు, అక్కడ పనిచేసేవాళ్లంతా బాధ్యత లేనివాళ్లని సమాధానం చెప్పడం అన్యాయం. 1980లో సీఎన్ఎన్ మొదలైనప్పుడు ఇరవై నాలుగు గంటల వార్తలు ఒక గొప్ప సౌకర్యంగానే కనిపించాయి. అయితే ఇరవై నాలుగు గంటలు నింపాలంటే రోజూ అంత వార్త ఉండదు. రిపోర్టరును, కెమెరామన్‌ను దూరప్రాంతానికి పంపి వారం రోజులు పనిచేయించడం కన్నా నలుగురిని స్టూడియోలో కూర్చోబెట్టి తగవు పెట్టడం ఎంతో చౌక. 1994 జూన్‌లో హత్య కేసు నిందితుడు, మాజీ ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ కారును పోలీసులు వెంబడించిన దృశ్యాన్ని దేశమంతా కళ్లప్పగించి చూసినప్పుడు, ఏమీ తెలియకపోయినా ఎంతసేపైనా చూపించవచ్చన్న సంగతి చానెళ్లకు అర్థమైంది. 1996లో ఎంఎస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ వచ్చి పోటీ పెరిగింది. 2014 మార్చిలో మలేసియా విమానం మాయమైనప్పుడు ఒక కేబుల్ చానెల్ కొత్త సమాచారం లేకపోయినా వారాల తరబడి అదే వార్తను తిప్పితిప్పి ప్రసారం చేసిన తీరు ఇక్కడ చాలామందికి గుర్తే. న్యూస్ అవర్‌కు ఉన్నది గంట మాత్రమే. ఆ హద్దు ఉండటం వల్లనే, ఏది ముఖ్యం, ఏది కాదు అని ఎవరో ఒకరు కూర్చుని రోజూ తేల్చవలసి వస్తుంది.

కొన్నేళ్ల క్రితం మా నాన్నగారు మా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. తెనాలిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన ఆయనకు ఇంట్లో పొద్దస్తమానం తెలుగు వార్తా చానెల్ నడుస్తూ ఉండటం అలవాటు. మొదటిరోజు న్యూస్ అవర్ పది నిమిషాలు చూసి, "వీళ్లెవరూ ఎవరి మీదా అరవడం లేదేమిట్రా, ఇవి వార్తలేనా?" అని అడిగారు. తెర కింద మూడు వరుసల్లో అక్షరాలు పరుగెత్తకపోవడం, గుండ్రాల్లోనూ బాణాల్లోనూ ముఖాలు చూపించకపోవడం ఆయనకు ఏదో లోటుగా అనిపించింది. ఇక్కడివాళ్ల యాస అర్థం కాదేమోనని నేను కింద ఇంగ్లీషు అక్షరాలు కనిపించేటట్టు క్యాప్షన్లు పెట్టి ఇచ్చాను. తల్లిదండ్రుల కోసం ఈ కార్యక్రమం పెట్టాలనుకునేవారు తప్పక చేయవలసిన పని ఇది. వారం గడిచేసరికి, ఇది తమ రోజుల్లో దూరదర్శన్ వార్తలు చూసినట్టే ఉందని అన్నారు.

ఆ పోలిక నాకు నచ్చింది. 1983 నవంబరులో హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టిన శాంతిస్వరూప్ గారు టెలిప్రాంప్టర్ లేని ఆ కాలంలో వార్తలను కంఠస్థం చేసి, కెమెరాలోకి చూస్తూ నింపాదిగా చెప్పేవారు. న్యూస్ అవర్ గంట కార్యక్రమమైంది కూడా ఆ సంవత్సరమే. ప్రభుత్వం మాటే వార్త అయిన ఆనాటి దూరదర్శన్‌నూ, ప్రభుత్వాన్ని నిలదీయగల న్యూస్ అవర్‌నూ ఒకే గాటన కట్టలేమని నాన్నగారితో వాదించాను గానీ, ఆయన మాట్లాడుతున్నది గొంతు గురించి, నేను మాట్లాడుతున్నది స్వేచ్ఛ గురించి అని తర్వాత తోచింది. 2024 ఏప్రిల్ 5న శాంతిస్వరూప్ గారు, అదే నెల 12న మక్‌నీల్ కన్నుమూశారు. మక్‌నీల్ వార్తను నాన్నగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఇక లోపాలకు వస్తాను. ఇరుపక్షాల మాటా వినిపించాలన్న పట్టుదల కొన్నిసార్లు నిజానిజాలు తేల్చవలసిన చోట కూడా ఇద్దరికీ చెరో మూడు నిమిషాలు పంచిపెట్టి చేతులు దులుపుకోవడంగా మారుతుంది. పిలిచే అతిథుల్లో మాజీ రాయబారులు, మాజీ అధికారులు, వాషింగ్టన్ పరిశోధనా సంస్థల వాళ్లు ఎక్కువ; నిర్ణయాలు ఎవరి నెత్తిన పడతాయో వారు తక్కువ. శుక్రవారం రాజకీయ విశ్లేషణలో 2001 నుంచి 2020 దాకా ఉదారవాద పక్షాన మార్క్ షీల్డ్స్, సంప్రదాయవాద పక్షాన డేవిడ్ బ్రూక్స్ అనే వ్యాఖ్యాతల మధ్య జరిగిన సంభాషణ నాకు ఎంతో ఇష్టం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఉండేది, షీల్డ్స్ హాస్యం దానికి తోడు. అయితే దేశంలోని సంప్రదాయవాద ఓటర్లు ఎటు వెళ్లారో బ్రూక్స్ మాటల్లో కనిపించేది కాదు, ఆ ఖాళీని కార్యక్రమం చాలాకాలం పట్టించుకోలేదు. భారతదేశం గురించి వచ్చేది కొద్దే. బెంగళూరులో పుట్టిన ఫ్రెడ్ డీ సామ్ లాజరో అప్పుడప్పుడు అక్కడినుంచి పంపే కథనాలు మాత్రం దొరికినప్పుడల్లా చూడదగినవి. కొన్ని సాయంత్రాలు కార్యక్రమం నిజంగానే చప్పగా ఉంటుంది, పగలంతా పనిచేసి వచ్చినవాడికి నిద్ర పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం డబ్బు. ఈ కార్యక్రమానికి సాయం చేసినవాళ్ల జాబితా చదివినప్పుడు చివర 'మీవంటి వీక్షకులు' అని వస్తుంది, అది మర్యాద కోసం అన్న మాట కాదు. 1967 నాటి చట్టంతో ఏర్పడి, ఫెడరల్ నిధులను పబ్లిక్ స్టేషన్లకు చేరవేస్తూ వచ్చిన 'కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్' అనే సంస్థకు రెండేళ్లకుగాను కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ వెనక్కు తీసుకుంది. మరుసటి నెలలోనే ఆ సంస్థ తన కార్యకలాపాలను ముగిస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద నగరాల స్టేషన్లు దాతల సాయంతో నెట్టుకురాగలవేమో గానీ, చిన్న పట్టణాల స్టేషన్లకు ఆ నిధులే ఆధారంగా ఉండేవి. చదువుకునే రోజుల్లో మాకు పైసా ఖర్చు లేకుండా యాంటెనా మీద అందిన కార్యక్రమం ఇది. నేను ఇప్పుడు స్థానిక స్టేషన్‌కు నెలనెలా కొంత పంపుతున్నాను, పాత బాకీ తీరుస్తున్నట్టుగానే అనిపిస్తుంది. విరాళాల వారం వచ్చినప్పుడు మాత్రం అదే విన్నపాన్ని అరగంటకొకసారి వినవలసి రావడం విసుగే, అది దాచను.

చూడాలనుకునేవారికి యాంటెనా కూడా అవసరం లేదు. అమెరికా తూర్పు తీరపు సమయం ప్రకారం సాయంత్రం 6 గంటలకు యూట్యూబ్‌లో ఉచితంగా వస్తుంది, తర్వాత పూర్తి కార్యక్రమంగానూ, అంశాల వారీగా విడివిడి ముక్కలుగానూ దొరుకుతుంది. ముక్కలుగా చూడటం కన్నా గంటా వరుసగా చూడమనే నా సలహా, ఎందుకంటే మనకు ఆసక్తి లేదనుకున్న అంశం దగ్గరే చాలాసార్లు కొత్త సంగతి తెలుస్తుంది. భారత కాలమానంలో అది వేసవిలో తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. నాన్నగారు ఐదింటికి లేచి, కాఫీ పెట్టుకుని, క్యాప్షన్లతో చూస్తారు. నేను ఆఫీసు నుంచి వచ్చి ఇంకా భోజనానికి కూర్చోకముందే ఫోన్ చేసి, ఆ పూట కథనాల్లో ఒకదాని గురించి నా అభిప్రాయం అడుగుతారు. ఇంకా చూడలేదంటే, చూశాకే మాట్లాడమని పెట్టేస్తారు.