ఓటీపీ చెప్పేముందు ఆ మెసేజీ చదవండి: నెల్లూరులో వాయిదాల మీద ఏసీ కొనేవాళ్లకు

ట్రంకు రోడ్డులో గానీ మాగుంట లేఅవుట్ వైపు గానీ ఏసీయో ఫ్రిజ్జో వాయిదాల మీద కొనబోతుంటే ఇది చదివి వెళ్లండి. బేరం దగ్గర మనల్ని ఎవరూ మోసం చేయరు. మాట్లాడుకున్న ధరే బిల్లులో వేస్తారు. తేడా అంతా ఆ తర్వాత, ఫైనాన్స్ టేబుల్ దగ్గర, ఫోనుకి టకటకా ఓటీపీలు వచ్చే కాసేపట్లో జరిగిపోతుంది.

రోహిణి కార్తె ఎండలకు తట్టుకోలేక కోవూరులో మా అక్కావాళ్లింటికి ఒకటిన్నర టన్ను ఏసీ కొన్నాం. బోర్డు మీద 41,990. బేరమాడితే 38,000కి దిగారు. ముందు రూపాయి కట్టక్కర్లేదు, వడ్డీ లేదు, పది నెలలు, ఫిట్టింగ్ ఫ్రీ అన్నారు. లోను మా బావ పేరు మీద. టేబుల్ దగ్గరున్న కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "అన్నా, ఫోను ఇలా ఇవ్వండి, నేనే ఎంటర్ చేసుకుంటా, మీకెందుకు శ్రమ" అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే సేల్స్‌మన్ స్టెబిలైజర్లు చూపిస్తానని నన్ను కింది అంతస్తుకి తీసుకెళ్లాడు. ఇది వాళ్లకు అలవాటైన పద్ధతేనని ఇప్పుడు నా అనుమానం.

తర్వాత వచ్చిన లోను మెసేజీలో 42,998 అని ఉంది. నెలకు 3,800 అనుకున్న వాయిదా 4,300 అయి కూర్చుంది. కాగితాలు తిరగేస్తే 3,499కి ఎక్స్‌టెండెడ్ వారంటీ, 1,499కి ఏదో హెల్త్ కార్డు. రెండూ మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వారంటీ రసీదు షాపు పేరు మీద కూడా లేదు, ఇంకేదో కంపెనీది. మొదటి వాయిదాతో ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఏసీకి హెల్త్ కార్డు ఎందుకయ్యా అంటే, "ఆఫర్‌లో వస్తుంది సార్" అన్నారు. ఆఫర్ అయితే 1,499 ఎందుకు కట్ అవుతుందో ఎవరూ చెప్పలేదు.

బావ ఫోనులో పాత మెసేజీలు తీసి చూశాం. ప్రతి ఓటీపీ కిందా అది దేనికో రాసే ఉంది. ఒకటి లోను దరఖాస్తుకి, ఒకటి వారంటీకి ఒప్పుకున్నట్టు, ఇంకొకటి కార్డుకి ఒప్పుకున్నట్టు. ఫోను మన చేతిలో ఉంటే చదివేవాళ్లం, వాళ్ల చేతిలో ఉంటే వాళ్లు అంకెలు మాత్రం చూసి కొట్టేసుకుంటారు. మేనేజర్ దగ్గరికి వెళ్తే ఒకటే మాట: "మీ ఓటీపీతోనే కదా సార్ అయింది." ఆ ఒక్క ముక్క మీదే వాళ్ల వాదనంతా నిలబడింది. కాబట్టి ఫోను మాత్రం ఇవ్వకండి. వెనక లైనులో ఎంతమంది ఉన్నా, కుర్రాడు ఎంత తొందరపెట్టినా సరే. మొహమాటపడితే ఐదు వేలు పోతాయి.

ఇంకో సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త లోను ఏదైనా ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అసలు ఎంత, ఫీజులు ఎంత, ఏడాదికి మొత్తం భారం ఎంత శాతం, అన్నీ అందులో ఉండాలి. మాకు అది ఈమెయిల్‌లో వచ్చింది, అన్నీ అయిపోయాక. దాన్ని ముందే స్క్రీన్ మీద చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి, అంగళ్లకేం కరువు లేదు.

అసలు వడ్డీ లేదంటే ఎవరూ కట్టడం లేదని కాదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ భారం ధరలోనో ఫీజులోనో ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. అందుకే మొదట "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడగండి. ఆ జవాబుకీ వాయిదాల లెక్కకీ మధ్య తేడాయే మీరు కట్టే వడ్డీ.

ఫిట్టింగ్ ఫ్రీ సంగతి కూడా చెప్పాలి. ఏసీతో మామూలుగా దాదాపు మూడు మీటర్ల రాగి పైపు వస్తుంది. అక్కావాళ్ల ఇంట్లో బయటి యూనిట్ మిద్దె మీద పెట్టాలి, అది చాలదు. అదనపు పైపుకి ఇంత, స్టాండుకి ఇంత, గోడకు కన్నం వేసినందుకు ఇంత, అన్నీ కలిసి తడిసి మోపెడయ్యాయి. వచ్చిన మెకానిక్‌తో గొడవపడి లాభం లేదు, అతను షాపు మనిషి కాదు, పనికింత అని తీసుకునేవాడు. ఏది ఫ్రీ, ఏది కాదు, అదనపు పైపు మీటరుకి ఎంత అనేది షాపులోనే బిల్లు వెనక రాయించుకోండి. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం కూడా చూసుకోండి. స్టార్ లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతుందో ఉంటుంది. ఎంత కరెంటు ఆదా చేస్తే ఎన్ని స్టార్లు అనే లెక్కల్ని కొన్నేళ్లకోసారి బిగిస్తారు కాబట్టి పాత సరుకు మీది ఐదు స్టార్లు, కొత్త సరుకు మీది ఐదు స్టార్లు ఒకటి కావు.

మా డబ్బు సంగతి. ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఓటీపీ మెసేజీల స్క్రీన్‌షాట్లతో ఈమెయిల్ పెట్టాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాం. వారంటీ రద్దయి 3,499 లోనులో తగ్గింది. హెల్త్ కార్డు డబ్బు ఇంకా రాలేదు, ప్రాసెసింగ్ ఫీజు పోయినట్టే. షాపు మాత్రం బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే ముద్ర చూపించి చేతులు దులుపుకుంది. ఆ ముద్ర చూసి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అందుకే "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి, రేపు ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ఉండదు.

కార్డు డబ్బు రాకపోతే బావ నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానంటున్నాడు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, లాయరుని పెట్టుకోవాలనీ లేదు, రెండేళ్ల లోపు వేస్తే చాలు. ఇలాంటి కార్డు డబ్బు ఎవరైనా వెనక్కి రాబట్టుకుని ఉంటే ఏ కాగితం పెడితే వచ్చిందో చెప్పండి, బావ అర్జీతో జతచేస్తాడు.