మాజ్దా మియాటాకు పాలీయురేథేన్ బుష్‌లు
గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటకమంటున్న మా పాత మాజ్దా మియాటా కారుకు, స్టెబిలైజర్ బార్‌ (మలుపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) చుట్టూ ఉండే, అరిగిపోయిన రబ్బరు బుష్‌ల (తొడుగుల) స్థానంలో ఎనర్జీ సస్పెన్షన్ అనే బ్రాండ్ వారి పాలీయురేథేన్ (రబ్బరుకన్నా గట్టి ప్లాస్టిక్) బుష్‌లను ఇంట్లోనే అమర్చాను. వీటికి ఒకపక్క చీలిక ఉన్నందున బార్‌ను ఊడదీయకుండానే, బ్రాకెట్ బోల్టులు విప్పి తొడగవచ్చు. అయితే రెండు చక్రాలనూ సమానంగా ఎత్తి జాక్ స్టాండ్‌లపై నిలపకపోతే, మెలిపడిన బార్ బ్రాకెట్‌ను సరిగా కూర్చోనివ్వదు. మోడల్‌ను బట్టి బార్ మందం మారుతుంది కనుక, కొనేముందు వెర్నియర్ కాలిపర్‌తో కొలవడం తప్పనిసరి. లోపలివైపు సిలికోన్ గ్రీజు ధారాళంగా పట్టించకుంటే పాలీయురేథేన్ కీచుమంటుంది. రబ్బరుతో ఈ బెడద తక్కువ. ఇప్పుడు శబ్దం పోయింది, మలుపుల్లో బండి మునుపటికన్నా చురుగ్గా స్పందిస్తోంది. రోజూ ఆఫీసుకు నడిపే కారుకైతే మాత్రం కంపెనీ రబ్బరు బుష్‌లే మేలని నా అభిప్రాయం.