వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు: ఇన్‌స్టలేషన్ మన చేతులతోనే జరగాలి

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలికి ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం ఇంట్లోనూ లినక్స్ కావలసి వచ్చింది. ఇంట్లో ఉన్నది విండోస్‌తో నడిచే 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఒక్కటే. కుటుంబ ఫొటోలన్నీ అందులోనే ఉండడంతో, దాని డిస్కును విభజించి రెండో సిస్టమ్ పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకని, ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషిన్) నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్చువల్‌బాక్స్ 7.0 దింపుకొని, అందులో లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 ఇన్‌స్టాల్ చేశాము.

జర్మనీకి చెందిన ఇన్నోటెక్ సంస్థ 2007లో విడుదల చేసిన వర్చువల్‌బాక్స్ మరుసటి ఏడాది సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో ఆ సంస్థతో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. ప్రధాన ప్యాకేజీ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉచితమే. అదనపు సదుపాయాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్సు మాత్రం వేరు. కార్యాలయాల్లో వాడదలచినవారు దాన్ని చదివి తీరాలి. యూఎస్‌బీ 2, 3 సదుపాయాలు 7.0 నుంచి ప్రధాన ప్యాకేజీలోనే ఉన్నాయి కనుక విద్యార్థికి ఆ ప్యాక్‌తో దాదాపు పని పడదు.

మొదలుపెట్టే ముందు విండోస్ కంటే ముందు నడిచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రాసెసర్‌కు సంబంధించిన వర్చువలైజేషన్ సెట్టింగు ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాన్ని వీటీ-ఎక్స్ అని, ఏఎమ్‌డీలో ఏఎమ్‌డీ-వీ అని అంటారు. నేను ఈ సంగతి మరచిపోయి ఒక సాయంత్రమంతా వృథా చేసుకున్నాను. విండోస్ సొంత వర్చువలైజేషన్ సదుపాయమైన హైపర్-వీ పనిచేస్తూ ఉంటే కూడా వర్చువల్ మెషిన్ మందగిస్తుంది. అప్పుడు మెషిన్ కిటికీ (విండో) అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. లోపాన్ని ఇంత ముచ్చటగా తెలిపే సాఫ్ట్‌వేర్‌ను నేను మరొకటి చూడలేదు.

నాకు ఒప్పుకోబుద్ధి కానిది అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్. కొత్త మెషిన్ సృష్టించేటప్పుడు ఉబుంటు ఇన్‌స్టలేషన్ ఫైలును (ఐఎస్‌ఓ) చూపించగానే, ఇన్‌స్టలేషన్ మొత్తం తానే పూర్తి చేస్తానని 7.0 ముందుకు వస్తుంది. వద్దనుకుంటే దాన్ని దాటవేసే గడిలో మనమే టిక్కు పెట్టాలి. పెట్టకపోతే, మనం మార్చనంతవరకు యూజర్ పేరు ‘వీబాక్స్‌యూజర్’గా, పాస్‌వర్డు ‘చేంజ్‌మీ’గా ఉంటాయి. అంతకన్నా చిక్కేమిటంటే, ఉబుంటులో ఇలా ఏర్పడిన యూజర్‌కు సుడో అధికారం (సిస్టమ్‌ను మార్చే నిర్వాహక హక్కు) ఉండదు కాబట్టి, లినక్స్ ముఖం అప్పుడే చూసిన విద్యార్థి మొదటి ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసే దగ్గరే ఆగిపోతాడు. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) మారి ఆ యూజర్‌ను సుడో గ్రూపులో చేర్చడం అతనికి తెలిసే అవకాశం తక్కువ. పైగా భాష, కీబోర్డు, డిస్కు విభజన వంటి ప్రశ్నలకు జవాబులు చెప్పడమే ఈ పనిలో నేర్చుకోవలసిన భాగం. వర్చువల్ డిస్కు మొత్తాన్ని తుడిచేయమంటారా అని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు మా మేనకోడలు భయపడి నా వైపు చూసింది. తుడిచేది విండోస్ డ్రైవులో ఉన్న ఒక్క ఫైలునే తప్ప ఫొటోలను కాదని ఆమెకు అర్థమైన క్షణంలోనే వర్చువల్ మెషిన్ అంటే ఏమిటో కూడా అర్థమైంది.

ర్యామ్ 2 జీబీ ఇస్తే డెస్క్‌టాప్ నత్తనడక నడిచింది, 4 జీబీ ఇచ్చాక కుదుటపడింది. డిస్కుకు 25 జీబీ కేటాయించాము. డైనమిక్ పద్ధతిలో ఆ ఫైలు వాడుకను బట్టి పెరుగుతుంది కానీ, లోపల ఫైళ్లు తొలగించినంత మాత్రాన తిరిగి తగ్గదు. ఉబుంటు లోపల గెస్ట్ అడిషన్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే తెర కిటికీకి తగ్గట్టు సర్దుకుంటుంది, రెండు సిస్టమ్‌ల మధ్య కాపీ-పేస్ట్ వీలవుతుంది. ఇంటర్నెట్ అయితే విండోస్ కనెక్షన్‌నే వాడుకొనే న్యాట్ పద్ధతిలో ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే వచ్చేసింది.

ఇన్‌స్టలేషన్ ముగిసిన వెంటనే ఒక స్నాప్‌షాట్ (మెషిన్ అప్పటి స్థితికి నకలు) తీసి ఉంచడం మేము చేసిన మంచి పని. రెండు వారాలకు ఆమె తప్పు డైరెక్టరీలో డిలీట్ కమాండ్ నడిపి, మెషిన్ మళ్లీ బూట్ కాని స్థితికి తెచ్చింది. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లడానికి కాఫీ కలుపుకొనేంత సమయం కూడా పట్టలేదు. ఆ తరువాత రాసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోయాయి కాబట్టి, ఇప్పుడు వాటిని విండోస్‌తో పంచుకునే షేర్డ్ ఫోల్డర్‌లో దాచుకుంటోంది.

4 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయను. 8 జీబీ ఉన్నవారు బ్రౌజర్ ట్యాబులు మూసి, నిశ్చింతగా వాడుకోవచ్చు.