పెరట్లో మిగిలిన కూరగాయలకు ఏది మేలు: ముక్కల పులుసా, సాంబారా?

కాపు తగ్గి పాదులు ఎండబోయే రోజుల్లో పెరట్లో ఏ ఒక్క కూరగాయా పూటకు సరిపడా దొరకదు. రెండు వంకాయలు, ఒక ములక్కాడ, లేత సొరకాయ, నాలుగు బెండకాయలు, గుప్పెడు తోటకూర కాడలు, వాడగా మిగిలిన గుమ్మడికాయ చెక్క, ఇలా తలా కొంచెం చేతికొస్తాయి. వీటన్నిటినీ ఒకే గిన్నెలో వండదలిస్తే నేను ముక్కల పులుసు వైపే మొగ్గుతాను.

సాంబారులో పెత్తనం కందిపప్పుది, పొడిది. ఏ ముక్క వేసినా చివరికి సాంబారు రుచే నిలుస్తుంది. కూరగాయలు మరీ తక్కువైనా, ముదిరి రుచి తగ్గినా అదే గుణం అక్కరకు వస్తుంది కనుక అప్పుడు సాంబారే మేలు. మజ్జిగ పులుసు సొరకాయకూ బూడిద గుమ్మడికాయకూ బాగుంటుంది కాని, వంకాయ, ఎర్ర గుమ్మడి కలిసిన ఈ కలగలుపుకు అంతగా నప్పదు.

కొన్ని ఇళ్లలో దప్పళమని పిలిచే ముక్కల పులుసులో గుమ్మడి తీపి, ములక్కాడ వాసన, వంకాయ మెత్తదనం వేటికవి నాలుకకు తెలుస్తాయి. నాలుగు గుప్పెళ్ల ముక్కలకు నిమ్మకాయంత చింతపండు, అందులో సగం బెల్లం, చిక్కదనానికి చివరలో నీళ్లలో కలిపి పోసే చెంచాడు బియ్యప్పిండి సరిపోతాయి. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో పడాలి. అసలు జాగ్రత్త వరుసలో ఉంది. పులుపు తగిలిన ముక్క మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది కనుక ములక్కాడ, కాడలు, గుమ్మడి ముందుగా ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పావు వంతు ఉడికాకే చింతపండు రసం పోయాలి. బెండకాయ సంగతి వేరు: దాన్ని రసం మరిగేటప్పుడు వేస్తేనే జిగురు తగ్గి, ముక్క చెదరకుండా నిలుస్తుంది.

సొరకాయను మాత్రం తరిగేటప్పుడే చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారవేయాలి. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు ఉడికించినా పోవు. వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. బెల్లం, చింతపండు ఆ చేదును కొంత కప్పివేస్తాయి కనుక పులుసులో ఈ పరీక్ష మరింత అవసరం.

నిల్వలోనూ తేడా ఉంది. పప్పు ఉన్న సాంబారు వేసవిలో త్వరగా పాడవుతుంది. పులుసు మరునాటికి, ముక్కలు పులుపును పీల్చుకున్నాక, ఇంకా రుచిగా ఉంటుంది. పులుసులో పప్పు లేదన్న లోటు మిగిలితే ముద్దపప్పు విడిగా వండి, నెయ్యి వేసి కలిపిన అన్నంలో ఈ పులుసు నంజుకోవచ్చు.